జముకు మోతను పట్టిన జ్ఞానయ్య

బ్రూక్షాబాద్‌లో తెలుగు చర్చికి దారి అడిగితే చాలామంది జ్ఞానయ్య ఇంటిని గుర్తుగా చెబుతారు. రేకుల కప్పు మీద కొబ్బరి పీచు మూటలు పరిచి, వాటి మీద టార్పాలిన్ లాగి కట్టిన ఇల్లు ఆ వీధిలో అదొక్కటే. వాన పడ్డప్పుడు రేకుల మోత లోపలికి రాకుండా అతను చేసుకున్న ఏర్పాటు అది. సగం పనిచేసింది, సగం చెయ్యలేదు. పీచులో ఎలుకలు కాపురం పెట్టాయని భార్య మేరమ్మ ఇప్పటికీ సణుగుతూనే ఉంటుంది.

జ్ఞానయ్యకు అరవై మూడేళ్లు. తండ్రి భీమిలి వైపు నుంచి రోడ్లు వేసే పనికి ఓడెక్కి సముద్రం దాటి ఈ దీవికి వచ్చి, ఇక్కడే ఉండిపోయాడు. జ్ఞానయ్య పుట్టిందీ, హిందీలో చదువుకున్నదీ, పెళ్లాడిందీ అన్నీ ఈ దీవిలోనే. తెలుగు చదవడం మాత్రం బైబిలు పుణ్యాన వచ్చింది. ముప్పై ఏళ్లు ఒక ఐస్ ఫ్యాక్టరీలో కంప్రెషర్ల దగ్గర పనిచేశాడు. ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు లేదు. అందరూ చెవుల్లో దూది పెట్టుకుంటే అతను పెట్టుకునేవాడు కాదు. యంత్రం ఎక్కడ అరుగుతోందో, ఎక్కడ ఎండిపోతోందో అది నోరు తెరిచి చెబుతుందని, దూది పెట్టుకుంటే ఆ మాట వినపడదని అతని నమ్మకం. యంత్రం చెప్పిందంతా ముప్పై ఏళ్లు విన్నాడు. విన్నంతకాలమూ అది అతని చెవుల్లోంచి సన్నటి చప్పుళ్లను ఒక్కొక్కటే తీసేసుకుంది. లావు చప్పుళ్లు మిగిలాయి. ఓడ కూత వినపడుతుంది గానీ ఓడ మీద నుంచి పిలిచే మనిషి గొంతు వినపడదు. ఈ సంగతి మేరమ్మకు పూర్తిగా తెలుసు. నర్సుగా పనిచేస్తున్న కూతురు వెరోనికాకు సగం తెలుసు. ఇంకెవరికీ జ్ఞానయ్య చెప్పుకోలేదు.

అలాంటి మనిషి రికార్డింగులో పడటం విచిత్రమే. చర్చి తలుపులు మూసిన కరోనా రోజులవి. సముద్రం అడుగున కేబుల్ వేశాక ఫోనుల్లో వీడియోలు ఆగకుండా ఆడటం అప్పుడే మొదలైంది. ఆదివారం ఆరాధన వీడియో తీసి పెడదామని పెద్దలు అనుకున్నారు. యంత్రాలు తెలిసినవాడని ఆ పని జ్ఞానయ్యకు అప్పగించారు. మొదటి వారం హార్మోనియం పప్పుల డబ్బాలో కూర్చుని వాయించినట్టు వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే అతనికి గుచ్చుకుంది.

అక్కణ్ణుంచి పట్టుదలగా నేర్చుకున్నాడు. చిన్న రికార్డరు, రెండు మైకులు తెప్పిస్తే, ఓడలో చేరేసరికి నలభై రోజులు పట్టింది. ఫోను మైకు ఎంత మంచిదైనా, పాట పెద్దదైతే తనంతట తానే గొంతు నొక్కేస్తుందని తెలుసుకున్నాడు. ఫ్యానూ ఫ్రిజ్జూ ఆపాలనీ, ఖాళీ గోడలకు దుప్పట్లు కట్టాలనీ, హార్మోనియానికి మైకు ముందు కాకుండా కాస్త పైనుంచి పెడితే తిత్తి గాలి సడి పడదనీ ఒక్కొక్కటే పట్టుకున్నాడు. పక్కన మేరమ్మ కూర్చునేది. హెడ్‌ఫోన్లు ఇద్దరూ మార్చి మార్చి పెట్టుకునేవాళ్లు. సన్నటి చప్పుడు ఏదైనా తేడాగా ఉంటే ఆమె కళ్లజోడు తీసేది. అది వాళ్లిద్దరి సైగ. అతను అప్పుడే కనిపెట్టినవాడిలా చెయ్యెత్తి, "ఒక్క నిమిషం, మళ్లీ చేద్దాం" అనేవాడు.

ఏడాది తిరిగేసరికి "జ్ఞానయ్య చెవి బంగారం" అని పేరొచ్చింది. ఆ మాట విన్నప్పుడల్లా మేరమ్మ తల దించుకుని మైకు వైర్లు చుట్టేది. జ్ఞానయ్యకు మాత్రం అది గొంతులో అడ్డం పడ్డా తియ్యగానే ఉండేది.

ఇక్కడ అసిరయ్య గురించి చెప్పాలి. మిన్నీ బేలో ఉంటాడు, డెబ్బై నాలుగేళ్లు. అదే ఐస్ ఫ్యాక్టరీలో మంచు దిమ్మలు మోసేవాడు. తొంభై ఏడో సంవత్సరం, వానాకాలం మొదట్లో, ఒక మధ్యాహ్నం ఫ్యాక్టరీలో అమ్మోనియా పైపు పగిలింది. అందరూ బయటికి పరుగెత్తారు. వాల్వు కట్టెయ్యడానికి లోపలికి వెళ్లిన జ్ఞానయ్య అక్కడే పడిపోయాడు. అసిరయ్య గోనెసంచి నీళ్లలో ముంచి మొహానికి చుట్టుకుని లోపలికెళ్లి, కాళ్లు పట్టుకుని ఈడ్చుకొచ్చాడు. జ్ఞానయ్య మూడు రోజుల్లో లేచి తిరిగాడు. అసిరయ్య గొంతులో మాత్రం ఒక గరగర శాశ్వతంగా మిగిలిపోయింది.

ఆ గొంతు మామూలు గొంతు కాదు. అసిరయ్య జముకుల కథ చెప్పేవాడు. జముకు అంటే డొల్ల చెక్క వాయిద్యం. ఒక మూతికి తోలు బిగించి ఉంటుంది. తోలు నడిమి నుంచి నరం తీగ ఒకటి వస్తుంది. చంకలో ఇరికించుకుని ఆ తీగను లాగి మీటితే, గుహలోంచి ఎవరో పిలిచినట్టు లోతుగా మోగుతుంది. ఉత్తరాంధ్ర తీరం నుంచి వచ్చినవాళ్లు దాన్ని వెంట తెచ్చుకున్నారు. దీవిలో దాన్ని మీటేవాడు అసిరయ్య ఒక్కడే మిగిలాడు. అతని తండ్రి, తమను తెచ్చిన ఓడ మీద సొంతంగా ఒక కథ కట్టాడు. ఆ ఓడలో వచ్చిన పద్నాలుగు జాలరి కుటుంబాల పెద్దల పేర్లు, వాళ్ల ఊళ్లు, ఒక్కొక్కరి గుణం అందులో వరసగా వస్తాయి. కాగితం మీద ఎక్కడా లేదు. అసిరయ్య నోట ఉంది, అంతే.

తనను బతికించిన మనిషికి తానేం చేశాడని జ్ఞానయ్య చాలాసార్లు అనుకున్నాడు. పండగకు కేకు ఇవ్వడం, జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకెళ్లడం, అంతకుమించి ఏమీ లేదు. ఆ ఓడ కథ రికార్డు చేసి నలుగురికీ వినిపిస్తే బాగుంటుందని పోయినేడు ఫిబ్రవరిలో బుద్ధి పుట్టింది. అప్పుడు మేరమ్మ అక్క కూతురి పురుడని పక్క దీవిలోని హట్‌బేలో ఉంది. పది రోజులు ఆగితే సరిపోయేది. చెవి బంగారమన్న పేరు ఆగనివ్వలేదు.

మిన్నీ బేలో అసిరయ్య వరండాలో కూర్చోబెట్టి, మైకును జముకు మూతి అంచుకే తగిలించాడు. హెడ్‌ఫోన్లలో ఆ మోత ఒళ్లంతా నిండింది. మీటిన ప్రతిసారీ రికార్డరులో చప్పుడును కొలిచే గుర్తు ఎర్ర గీతను దాటుతోంది. తగ్గిస్తే అతని చెవికి ఆనలేదు. మళ్లీ పెంచాడు. ఆ సాయంత్రమే వీడియో పెట్టేశాడు.

నాలుగు రోజుల్లో కింద ముప్పై దాకా మాటలు పడ్డాయి. ఎక్కువ భాగం ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు, కొన్ని హిందీ. డొక్కు డబ్బా అని ఒకరు, రేకు మీద రాళ్లేస్తున్నారా అని ఇంకొకరు, తాతకు ఎవరైనా కొత్త డోలక్ కొనివ్వండయ్యా అని మరొకరు. అసిరయ్య కూతురు కనకలక్ష్మి తను కాపురముండే చౌల్దారీ నుంచి చూడటానికి వచ్చినప్పుడు, ఏం రాశారో చదవమని తండ్రి అడిగాడు. ఆమె దాటవేసింది. అతను వదల్లేదు. చదివించుకుని, లేచి, జముకును పాత లుంగీలో చుట్టి అటక మీద పెట్టేశాడు.

మేరమ్మ హట్‌బే నుంచి వచ్చీ రాగానే జ్ఞానయ్య వీడియో చూపించాడు. పది క్షణాలు విని ఆమె కళ్లజోడు తీసింది.

"ఏవండీ, ఇది జముకు కాదండీ. మీటినప్పుడల్లా ఎండు తాటాకు చింపినట్టు చరచరమంటంది."

జ్ఞానయ్య ఫోను చెవికి ఆనించుకున్నాడు. తిప్పి రెండో చెవికి ఆనించుకున్నాడు. "నాకు బాగానే ఉందే" అన్నాడు.

"మీకు బాగానే ఉంటదండీ" అంది మేరమ్మ మెల్లగా. "మీకు ఇనపడేది వాళ్లకి ఇనపడదు. వాళ్లకి ఇనపడేది మీకు ఇనపడదు."

అప్పుడు అతనికి తెలిసొచ్చింది. ఎర్ర గీత దాటిన ప్రతి దెబ్బా పగిలిపోయింది. ఆ పగిలిన చప్పుడు సన్నది, తన చెవికి అందనిది. చిన్న ఫోను స్పీకర్లలో లావు మోత పలకదు. కాబట్టి జనం విన్నది ఆ పగులు ఒక్కటే. అసిరయ్య జముకులో ఏ లోపమూ లేదు. ఆ పూట వీడియో తీసేశాడు. అన్నం ముందు కూర్చుని, ప్రార్థన నువ్వు చెయ్యి అన్నాడు. మేరమ్మే చేసింది.

మర్నాడు మిన్నీ బే వెళ్లాడు. అసిరయ్య వరండాలో వల బాగుచేసుకుంటున్నాడు. జ్ఞానయ్య నిలబడే చెప్పేశాడు.

"భయ్యా, తప్పు జముకుది కాదు. నాది. నాకు సన్నగా ఉండేవి ఏవీ వినపడవు. ఫ్యాక్టరీలోనే పోయినాయి. ఎవరికీ చెప్పలేదు. మేరమ్మ లేకుండా నేను రికార్డు చెయ్యకూడదు. అయినా చేసినాను."

అసిరయ్య వల మీంచి చూపు ఎత్తలేదు. "తెల్సు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"నీకు ఇనపడదని. ఫ్యాక్టరీల ఎనకాలనించి పిలిస్తే తిరిగీవోడివి కాదు. మిషను ఆగితే మట్టుకు తిరిగీవోడివి."

జ్ఞానయ్య అరుగు మీద కూర్చున్నాడు. "మరి తెలిసి నాకెందుకు పాడినావ్ భయ్యా?"

"నువ్వడిగినావు గదా. ఇన్నేళ్లకి ఒకడొచ్చి పాడమన్నాడు." అసిరయ్య దారం కొరికి తెంపాడు. "ఆళ్లు నవ్వినందుకు గాదురా గ్యానయ్యా నా బాద. మా అయ్య కట్టిన పేర్లు పద్నాలుగు. ఒక్క పేరు కూడా ఎవులికీ ఇనపడనేదు."

జ్ఞానయ్య వల రెండో కొస అందుకుని పట్టుకున్నాడు. ఎదురుగా సముద్రం పోటు మీద ఉంది.

"ఇంకోపాలి చేద్దాం భయ్యా."

"సేద్దాం. సెల్లెమ్మని తీసుకురా. నువ్వొక్కడివీ రామాకు" అన్నాడు అసిరయ్య.

అనుకున్నంత తేలిగ్గా జరగలేదు. మిన్నీ బే వరండాలో స్కూటర్లు, కాకులు, అలల హోరు. చర్చి హాలు ఇచ్చారు గానీ అక్కడ ఒక్కసారి మీటితే గోడలు రెండుసార్లు పలికాయి. మేరమ్మ కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకోనే లేదు. జ్ఞానయ్య ఇంట్లో మొదలుపెట్టిన రోజు, పీచు మూటలకు కూడా లొంగనంత వాన కురిసింది. ఏప్రిల్ దాటి మే వచ్చేసింది. ఇక నవంబరు దాకా వానలే, ఇంతేనేమో అనుకుంటుండగా కనకలక్ష్మి ఫోను చేసింది.

"చిన్నాన్నా, చౌల్దారీ వచ్చి చూడండి ఒకసారి. మా వడ్ల గది గోడలు ఇటుకతో కట్టినవి, పైన పెంకులు, రేకులు కాదు. నాలుగు పక్కలా బస్తాలే. అందులో నిలబడి పిలిస్తే నా మాట నాకే తిరిగి రాదు."

వెళ్లి చూశారు. మేరమ్మ గది నడుమ నిలబడి చప్పట్లు కొట్టింది. చప్పుడు అక్కడికక్కడే చచ్చిపోయింది. ఆమె కొంగు దోపుకుని, "బస్. ఇక్కడే" అంది.

ఆ శనివారం రాత్రి అందరూ కనకలక్ష్మి ఇంట్లోనే పడుకున్నారు. దీవిలో అయిదింటికే తెల్లవారుతుంది. వాన తెరిపి ఇచ్చింది. కోళ్లను గంప కింద మూసి దూరంగా పెట్టారు. ఫ్రిజ్జు ఆపేస్తుంటే లోపల చేపలు పాడవుతాయని కనకలక్ష్మి దిగులుపడింది. జ్ఞానయ్య ఒక మైకును జముకుకు మూరెడు దూరంలో, మూతికి ఎదురుగా కాకుండా పక్కనుంచి పెట్టాడు. రెండోది అసిరయ్య గొంతు కోసం, గడ్డం కిందికి. ఎంత గట్టిగా మీటినా ఎర్ర గీత దరిదాపులకు పోకుండా తగ్గించాడు. ఎదురుగా పీట మీద ఫోను నిలబెట్టాడు. ఫోనులో బొమ్మనూ రికార్డరులో చప్పుడునూ తరవాత కలపడానికి గుర్తుగా ఒక్క చప్పట కొట్టాడు. హెడ్‌ఫోన్లు తీసి మేరమ్మ తలకు పెట్టి, తను ఊరికే బస్తాకు ఆనుకుని కూర్చున్నాడు.

మొదటిసారి పెరట్లో పోక చెట్టు మట్ట ఊడిపడింది. రెండోసారి పక్క పొలంలో మోటారు మొదలైంది. కనకలక్ష్మి వెళ్లి, ఒక్క గంట ఆపమని వాళ్లను బతిమాలి వచ్చింది. మూడోసారి కథ మొత్తం సాగింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు గానీ మేరమ్మ లేవలేదు.

"లక్ష్మీ, నీ పాత ఫోను ఒకసారి ఇయ్యమ్మా. నలుగురూ వినేది ఫోనులోనే గానీ వీటిల్లో కాదు గదా."

ఆ పాత ఫోనులో వేసి విన్నారు. పగుళ్లు లేవు, గాలి లేదు, గొంతు స్పష్టంగా ఉంది. జముకు మాత్రం దూరంగా గోడ అవతల ఉన్నట్టుంది. మేరమ్మ అసిరయ్య దగ్గరికి వెళ్లి కూర్చుని, "ఒక్కసారి మీటు అన్నా" అని, చెవి అటూ ఇటూ తిప్పి వెతికింది. తోలు మోగేచోట కాదు, వేలు తీగను వదిలేచోట ఒక జివ్వుమనే సడి ఉంది. చిన్న ఫోను పలికించగలిగేది దాన్నే. మైకును ఆ వేలి వైపు నాలుగంగుళాలు జరిపించింది.

"జుమ్ముమనేది మీరు వింటున్నారు గదా, దాన్ని మీరు చూస్కోండి" అంది భర్తతో. "జివ్వుమనేది నేను చూస్కుంటా."

నాలుగోసారి అసిరయ్య కళ్లు మూసుకుని ఎత్తుకున్నాడు.

"మూడు దినాల నీరు, మూడు రేల హోరు,
ఒడ్డు కానొచ్చేసరికి మారె మన తీరు..."

గరగర ఉంది గొంతులో. ఆ గరగర పుట్టిన పూట అక్కడ ఉన్నవాళ్లు ఆ గదిలో ఇద్దరే. జ్ఞానయ్య వీపు ఆనించిన బస్తాలోంచి జముకు మోత అతని ఎముకల్లోకి దిగింది. హార్మోనియం పై మెట్లు అతనికి పోయాయి. వేకువ పిట్టలు పోయాయి. కూతురి చిన్నప్పటి కేకలు సగం పోయాయి. ఇది పోలేదు. ముప్పై ఏళ్ల మోత తనకు మిగిల్చిన చెవి సరిగ్గా ఈ లోతుకు సరిపోతుందని అతను ఏనాడూ అనుకోలేదు. యంత్రం తీసుకున్నవే ఇన్నాళ్లూ లెక్కపెట్టుకున్నాడు. వదిలిపెట్టింది ఇదీ అని దేవుడు వడ్ల గదిలో కూర్చోబెట్టి చూపించాడనుకున్నాడు. కళ్లెత్తి చూస్తే మేరమ్మ కళ్లజోడు ఆమె ముక్కు మీదే ఉంది. పద్నాలుగో పేరు దాటేదాకా అలాగే ఉంది.

హెడ్‌ఫోన్లు అసిరయ్యకు పెట్టారు. ముసలాయన కదలకుండా మొత్తం విన్నాడు. జీవితమంతా జముకును చంకలోంచి విన్నవాడు, ఎదుట కూర్చున్నవాడికి అది ఎలా ఉంటుందో అప్పుడే మొదటిసారి విన్నాడు. విని, హెడ్‌ఫోన్లు తీసి, "మా అయ్యది ఇలగే ఉండీది" అన్నాడు. కనకలక్ష్మి టీ ఇస్తే రెండు కప్పులు తాగాడు.

వీడియో ఊళ్లన్నీ ఏలిందని చెప్పడానికి లేదు. మొదటి నెలలో పట్టుమని రెండు వేలమంది చూడలేదు. కానీ చూసినవాళ్లు చివరిదాకా చూశారు. క్యాంప్‌బెల్ బే నుంచి ఒకాయన గొంతు రికార్డు చేసి పంపాడు. తొమ్మిదో పేరు వాళ్ల తాతదట. ఆ తాత పేరు రేషను కార్డులో తప్ప ఇంకెక్కడా వినలేదట. హేవ్‌లాక్‌లో కూరల దుకాణం నడిపే ఆమె అయిదో పేరును మళ్లీ మళ్లీ వేసుకుని వింటున్నానని చెప్పింది. పద్నాలుగు పేర్లలో ఎనిమిదింటికి వారసులు దొరికారు. ఆ మాటలన్నీ కనకలక్ష్మి తండ్రికి చదివి వినిపించింది. ఈసారి దాటవెయ్యాల్సిన అవసరం రాలేదు.

తన చెవుల సంగతి జ్ఞానయ్య ఒక ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పే వేళ లేచి చెప్పేశాడు. ఇన్నేళ్లూ మెచ్చుకున్న చెవి మేరమ్మదని చెప్పి కూర్చున్నాడు. కొందరు నవ్వారు, మంచి నవ్వే. వెరోనికా ఆ వారమే తండ్రిని ఆసుపత్రికి తీసుకెళ్లి పరీక్ష చేయించింది. ఇప్పుడు కుడిచెవికి మిషను ఉంది. దానితో మాటలు బాగానే తెలుస్తున్నాయి గానీ, కుక్కరు కూత ఇంత ఘోరంగా ఉంటుందని ఎవరూ తనకు చెప్పలేదని ఫిర్యాదు చేస్తుంటాడు. రికార్డింగుకు మాత్రం దాన్ని తీసి జేబులో వేసుకుంటాడు. ఆ పని మేరమ్మది.

కోతలయ్యాక జనవరిలో, డిగ్లీపూర్ నుంచి యర్రమ్మ అనే ఎనభయ్యేళ్లావిడ తెల్లవారకముందే బస్సెక్కి, వీడియో తీసిన వడ్ల గదిని వెతుక్కుంటూ చౌల్దారీ వచ్చింది. పన్నెండు గంటల దారి. పూడిమడక గంగయ్య కూతురు ఆవిడ. కథలో మూడో పేరు గంగయ్యది. తుపానులో తెడ్డు వదలనివాడని వస్తుంది. మనవడి ఫోనులో విన్నానని, ఎదురుగా వినకుండా చచ్చిపోకూడదనుకున్నానని చెప్పింది. అసిరయ్యను మిన్నీ బే నుంచి, జ్ఞానయ్యనూ మేరమ్మనూ వాళ్లింటి నుంచి పిలిపించారు. కొత్త వడ్లు ఆ వారమే గదిలోకి చేరాయి. బస్తాల మధ్యే చాప వేసి కూర్చున్నారు. సంచిలోంచి రికార్డరు తీసేదా అని జ్ఞానయ్య లేవబోతే మేరమ్మ చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

గంగయ్య పేరు దగ్గర అసిరయ్య ఆగి, ఆ చరణం మూడుసార్లు పాడాడు. యర్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయ్యాక అతని చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకుంది. తరవాత జ్ఞానయ్య వైపు తిరిగింది.

"ఇది ఫోనుల పెట్టినోడివి నువ్వేనా బావూ?"

"మేమిద్దరం అమ్మా" అన్నాడు జ్ఞానయ్య, పక్కకు చూపిస్తూ.

యర్రమ్మ మేరమ్మ తల మీద చెయ్యి పెట్టింది. లోపలి నుంచి కనకలక్ష్మి చేపల పులుసు చల్లారిపోతోందని పిలిచింది. యర్రమ్మ లేవడానికి జ్ఞానయ్య ఒక చెయ్యి, అసిరయ్య ఒక చెయ్యి అందించారు.